దాలి రాజుకోని నెల

మా మనుమడు వేణు మొన్న ఒక ఆదివారం పొద్దున్నే గాజు సీసా ఒకటి పట్టుకుని వచ్చాడు. లీటరు పాలు. మూత కింద వేలెడు మందాన మీగడ తేలి ఉంది. సీసాకు ఆవు బొమ్మ కాగితం అంటించి, దాని కింద ‘కాయనివి, కలపనివి’ అని ఎర్రటి అక్షరాలు వేయించాడు. వేణు నా పెద్దబిడ్డ కొడుకు. పాలకుర్తి దగ్గర షెడ్డు వేసి పన్నెండు నాటు ఆవులను సాకుతున్నాడు. తెల్లారకముందే పితికి, సీసాల్లో నింపి, ఐసుపెట్టెల్లో సర్ది, ఆటోలో జనగామకు పంపుతాడు. చదివిన చదువుకు ఎక్కడైనా చల్లగా కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ వాడికి చిన్నప్పటి నుంచీ పేడ వాసనంటే ఇష్టం. నేను వెళ్ళి చూశాను వాడి కొట్టం. నా వంటిల్లు అంత శుభ్రంగా ఉండదు. ఆ మాట వాడితో అంటే మురిసిపోతాడని అనలేదు.

పాలను కాయకుండా అలాగే సీసాల్లో పెట్టి అమ్మనివ్వాలా వద్దా అని ఇప్పుడు పెద్ద వాదన నడుస్తోందట. ఫోన్లలో రెండు జట్లుగా చీలి తిట్టుకుంటున్నారట. ప్యాకెట్ పాలు ఏ ఊరివో, ఎన్ని పశువులవో, ఎప్పుడు పితికినవో కొనేవాడికి తెలియదని వేణు అంటాడు. అది నిజమే, నేను కాదనలేదు. పిల్లలకు ఏ పాలు మంచివో తల్లిదండ్రులు ఎంచుకోవాలి గాని సర్కారు కాదని కూడా అంటాడు. అక్కడ నేను చాయ్ గ్లాసు అందుకుని తాగసాగాను. వాడు దాన్ని ఒప్పుకోలు అనుకుని, జేబులోంచి ఫోను తీసి నా ముఖానికి ఎదురుగా పెట్టాడు.

“అమ్మమ్మా, నువ్వు రెండే రెండు ముక్కలు చెప్పు. మీ కాలంల పచ్చిపాలే తాగేటోళ్ళు గద. గట్ల తాగే ఎనభై ఏండ్లు దాటినవు. గంతే చెప్పు, చాలు.”

“మా కాలం సంగతి నీకు ఎవరు చెప్పిండ్రురా?”

“ఎవలు చెప్పాలె? దూడ కాసుకొని తాగుతదా అమ్మమ్మా?” అని నవ్వాడు.

నా చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఎనిమిదో ఏడు. ఆ మాట అన్నది మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి. పచ్చిపాల గురించి ఆమె కంటే తెలిసిన మనిషిని, ఆమె కంటే భయపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తొర్రూరుకు పొద్దున బయలుదేరితే అన్నం వేళకు చేరేంత దూరంలో మా ఊరు. ఇంటి వెనక పెరట్లో గోడకు ఆనించి దాలి ఉండేది. మోకాలి లోతు గుంత, చుట్టూ మట్టితో కట్టిన గట్టు. పొద్దున పాలు పితకగానే బాపమ్మ ఆ గుంతలో పిడకలు పేర్చి, పైన గుప్పెడు ఊక చల్లి, వంటపొయ్యి నుంచి ఒక్క నిప్పుకణిక తెచ్చి పెట్టేది. మంట రాకూడదు. మంట లేస్తే ఎవరినో తిట్టినట్టు దాన్ని తిట్టి బూడిద కప్పేది. ఆ పొగలో నల్లబడ్డ పాలకుండ పొద్దుటి నుంచి మూడు జాములు దాటేదాకా కూర్చునేది. సాయంత్రానికి పాలు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రబారేవి, మీగడ జొన్నరొట్టె మందాన కట్టేది. ఆ వాసన పెరడంతా, మా బట్టలకూ, బాపమ్మ కొంగుకూ, ఆమె పెట్టే ముద్దుకూ అంటుకుని ఉండేది. ఇప్పుడు ఎంత ఖరీదైన పాలు తెచ్చి కాచినా ఆ వాసన రాదు. గ్యాసు పొయ్యికి ఓపిక లేదు.

పాలను బాపమ్మ కట్టెల పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు. కట్టెల మంట మీద పాలు పొంగుతాయి. పొంగి నిప్పులో పడితే ఆ పాలు ఇచ్చిన పశువు పొదుగు మండుతుందని, సన్లు, అంటే పొదుగు మొనలు, పగిలి, వాచి, చివరికి ఎండిపోతాయని ఆమె నమ్మకం. ఆమె ఒక్కదానిదే కాదు, పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ నమ్మకం ఉండేది. అందుకే దాలి. దాలి మీద పాలు ఎన్నడూ పొంగవు. బర్రెకు ఎందుకు నొప్పి పుడుతుంది బాపమ్మా అని నేనడిగితే, “అది ఇచ్చిన పాలు అదే గద బిడ్డా. నీ ఎంట్రుక నిప్పుల పడితే వాసన నీకు రాదా?” అనేది. ఆ జవాబు నాకు అప్పట్లో ఎంతో సబబుగా కనిపించింది.

పాల మంచిచెడ్డలు చూడటంలో ఆమెను మించినవాళ్ళు లేరు. బొటనవేలి గోటి మీద చుక్క వేసి వంచేది. చుక్క గుండ్రంగా నిలిస్తే పాలు, జారితే నీళ్ళు. పేడ చూసి పాలు ఎట్లా ఉంటాయో చెప్పేది. బర్రె నెమరు వేయకపోతే ఆ పూట పాలు ఇంట్లోకి రానిచ్చేది కాదు, కుక్కలకు పోసేది. నేను ఇంకా చిన్నప్పుడు మా పాలు మాకు దక్కేవి కావు. పాడి ఉన్న ప్రతి ఇల్లూ పొద్దుటి పాలు నురుగు ఆరకముందే దొర గడికి వెట్టి కింద పంపాలి. అక్కడ ఒక ముసలాయన అదే గోటి పరీక్ష చేసి, చుక్క జారితే తెచ్చినవాళ్ళను ఎండలో నిలబెట్టేవాడు. దొరలకు ఎదురుతిరిగిన సంఘం వచ్చాక వెట్టి ఆగింది. గడి గేటు మూతపడిన మర్నాడు బాపమ్మ కుండెడు పాలు దాలి మీద పెట్టి, సాయంత్రం దాకా దాని ముందు నుంచి లేవలేదు. ఆ రోజు మీగడ నాకు, కుండ అడుగున అంటిన చెక్కుడు మా అమ్మకు పెట్టింది. తను అంచులు గీకి నాకింది.

మా అమ్మను నేను అవ్వ అని పిలిచేదాన్ని. ఆమె అప్పుడు కడుపుతో ఉంది. బాపు, అంటే మా నాయన, సంఘంలో తిరిగేవాడు. పగలు ఇంట్లో ఉండటం మానేసి, తర్వాత రావడమే మానేశాడు. చెల్లె పుట్టిన కబురు ఆయనకు అందిందో లేదో కూడా మాకు తెలియదు. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి పేరు పెట్టాలి. కానీ బాపు వచ్చినంక పెడదామని బాపమ్మ వాయిదా వేసింది. అందరమూ దాన్ని సంటిది అని పిలిచేవాళ్ళం, అంటే పాలు తాగే పిల్ల అని. మూడు నెలలు నిండేసరికి ఆ పిలుపుకే తల తిప్పి చూసేది.

పక్క ఊరిలో రజాకార్లు దిగి ఇళ్ళకు నిప్పు పెట్టారన్న కబురు వచ్చిన రోజున, సంఘం మనుషుల ఇళ్ళవాళ్ళంతా ఊరు విడవాలన్నారు. బాపుకు చిన్నాయన వరుసైన మల్లయ్య తాత మా అయిదారు కుటుంబాలను ముందుండి నడిపించాడు. అవ్వ సంటిదాన్ని వీపున కట్టుకుంది. నేను గిన్నెల మూట మోశాను. బాపమ్మ ఏ సామానూ ముట్టలేదు. నొసట తెల్ల మచ్చ ఉన్న మా బర్రెను, దాని పిల్ల దుడ్డెను పలుపు పట్టుకుని నడిపించింది. పశువులతో నడక కనుక నాలుగు రోజులు పట్టింది. గూడూరు దాటి అడవి మొదలయ్యే చోట, వాగు ఒడ్డున గుట్ట చాటులో ఆగాము. కొమ్మలు నరికి, పైన గడ్డి కప్పి, వంగితే తప్ప దూరలేని పందిళ్ళు వేసుకున్నాము.

అక్కడ మల్లయ్య తాత పెట్టిన నియమం ఒక్కటే. పొగ కనపడొద్దు. చలికాలం కనుక తెల్లవారుజామున వాగు మీద మంచు కమ్ముకునేది. ఆ మంచు విడిచేలోపు ఎండు పుల్లలతో చిన్న మంట వేసి, జొన్న గటక ఉడికించుకుని, నీళ్ళు చల్లి ఆర్పేయాలి. పొద్దెక్కితే గుట్ట అవతలి బాట మీద పోయేవాళ్ళకు పొగ కనపడుతుంది. చీకటి పడితే మంట కనపడుతుంది. ఆ కాస్త మంచులో గటక ఉడకడమే గగనం. ఇక దాలి అంటే పిడకల పొగ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లేస్తూనే ఉంటుంది. బాపమ్మ పేడ చేతిలోకి తీసుకుని, పిడక చరచబోయి, దేనికని మళ్ళీ కింద పడేయడం నేను చాలాసార్లు చూశాను.

అప్పటికి అవ్వకు పాలు తగ్గిపోయాయి. నడకకో, తిండి లేకో, నాలుగు రోజులు విడవకుండా వచ్చిన జ్వరానికో తెలియదు. సంటిది రొమ్ము పట్టుకుని గుంజి గుంజి ఏడ్చేది. ఏడుపు వినపడినా ప్రమాదమే కనుక, పక్క పందిళ్ళవాళ్ళు ఏమీ అనకుండానే మావైపు చూసేవాళ్ళు. బర్రెపాలే దిక్కని అందరికీ తెలిసింది. తొలి రెండు రోజులు అవ్వ తనకు వచ్చిన చుక్కలతోనే నెట్టుకొచ్చింది. మూడోరోజు తెల్లవారుజామున, బాపమ్మ వాగుకు నీళ్ళకు పోయినప్పుడు, గటక గిన్నె దించి, చిన్న ముంతలో పాలు పోసి ఆ పుల్లల మంట మీద పెట్టింది.

“సత్తెమ్మా, జర సూస్తుండు బిడ్డా. పొంగు రాంగనే దించు. సంటిది లేచినట్టున్నది” అని పందిట్లోకి పోయింది.

నేను చూడలేదు. చలికి నోటి నుంచి ఆవిరి వస్తోంది. మల్లయ్య తాత చుట్ట తాగినట్టు రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకుని, ఉఫ్ ఉఫ్ మని ఆ ఆవిరిని వదులుతూ ఆడుకుంటున్నాను. ఒక్క చుట్ట తాగేంత సేపు కూడా కాదు. చుయ్యిమన్న చప్పుడు, మాడిన పాల వాసన ఒకేసారి వచ్చాయి. ముంతలో అడుగున రెండు గుక్కలు మిగిలాయి. తక్కినవన్నీ నిప్పులో పడ్డాయి.

ఆ వాసన వాగు దగ్గర ఉన్న బాపమ్మకు తెలిసింది. కడవ అక్కడే వదిలేసి వచ్చింది. పొయ్యి వైపు ఒక్కసారి చూసి, మమ్మల్ని ఏమీ అడగకుండా బర్రె దగ్గరికి పరుగెత్తింది. దాని పొదుగు కింద కూర్చుని, రెండు చేతులతో నిమురుతూ, “తప్పాయె తల్లీ, తప్పాయె, నీ కడుపు మీద ఒట్టు, ఎరుక లేక చేసిండ్రు” అని చాలాసేపు వేడుకుంది. తర్వాత వచ్చి, “ఎవలు పెట్టిండ్రు పొయ్యి మీద?” అంది.

“నేనే అత్తా” అంది అవ్వ.

“పెట్టి ఎక్కడ వోయినవు?”

“ఈడనే ఉన్న. కండ్లు మూతబడ్డయి.”

అవ్వ నా వైపు చూడలేదు. నేనూ నోరు తెరవలేదు. నాకు తిట్లంటే భయం, అంతే. అంతకుమించి ఏ కారణమూ లేదు. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే, మంట మీద పెట్టడం తప్పు కాదు, చూడకపోవడం తప్పు అని బాపమ్మకు తోచేదేమో. నేను మళ్ళీ చూస్తాను, ఈసారి కళ్ళార్పకుండా చూస్తాను అని అనగలిగేదాన్నేమో. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇంత తర్కం ఉంటుందా అని మీరనవచ్చు. ఉండదు. కానీ నేను అప్పటి నుంచీ ఎనిమిదేళ్ళ పిల్లగా ఉండిపోలేదు కదా.

మూడు రోజులు గడిచాక బర్రె కాలు పెట్టి తన్నింది. ఎన్నడూ తన్నని బర్రె. చూస్తే పొదుగులో ఒక పక్క గట్టిపడి, వేడిగా, ఎర్రగా ఉంది. ఆ సన్ను నుంచి పాలు తునకలు తునకలుగా, దారాలు కలిసినట్టు వచ్చాయి. ఇంక బాపమ్మకు ఏ సాక్ష్యం కావాలి? చాలా ఏళ్ళ తర్వాత, నేను టీచరుగా పనిచేసిన ఊళ్ళో ఒక పశువుల డాక్టరును ఈ మాట అడిగాను. బురదలో పడుకున్న పాడిపశువుకు పొదుగువాపు రావడం మామూలేనని, పొంగిన పాలకూ దానికీ ఏ సంబంధమూ లేదని ఆయన చెప్పాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆ మాట గుట్ట చాటుకు చెప్పి పంపే దారి లేదు.

ఆ పొద్దు నుంచి బాపమ్మ పాలముంతను నిప్పు దగ్గరికి రానివ్వలేదు. మంట ఆరేదాకా పొయ్యి పక్కనే గొంతుక్కూర్చునేది. చెడ్డ సన్ను పాలు నేల మీదకు పిండేసి, మిగిలిన మూడింటి పాలు ముంతలోకి పితికేది. అవ్వ కొంగు ముంత మీద పరిస్తే ఆ పాలు వడగట్టేది నేను.

“కాయని పాలు పసిదానికెట్ల పోస్తం అత్తా? కడుపుల తిప్పదా?” అని అవ్వ బతిమాలింది.

“ఉన్నది ఒక్క పొదుగు పిల్లా. మూడు సన్లన్న మిగిలినయి. మల్లా నిప్పుల పడితే అవి గూడ పోతయి. అవి పోతె నీ బిడ్డకు ఏం పోస్తవు, వాగునీళ్ళా?”

“ఒక్కపారి కాగనియ్యి అత్తా. నేను రెప్ప వాల్చ.”

“వద్దు. దుడ్డె తాగుతలేదా గవే పాలు? అది కాసుకొని తాగుతున్నదా?”

 దుడ్డె పక్కనే గంతులు వేస్తోంది, ముట్టె నిండా నురుగుతో. అవ్వ చివరికి ఒక ఉపాయం ఆలోచించింది. పొయ్యిలో కోడిగుడ్డంత గులకరాయి కాల్చి, కడిగి, పాలల్లో వేసింది. పాలు నిప్పును తాకలేదు కనుక బాపమ్మ ఊరుకుంది. పాలు బుస్సుమని గోరువెచ్చనయ్యాయి. అంతకుమించి కాలేదు. సంటిది ఉగ్గుగిన్నెతో ఆ వెచ్చటి పాలు ఆబగా తాగింది. కడుపు నిండి, మొదటిసారి ఆ అడవిలో నవ్వింది. “సూసినవా?” అంది బాపమ్మ. అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వులు నాకు బాగా గుర్తున్నాయి.

నాకు ఇప్పుడు తెలిసినదల్లా, చెడ్డ సన్నును నేల మీదకు పిండిన చేయి, తక్కిన మూడింటిని పితికిన చేయి ఒకటేనని. నీళ్ళు తేవాలంటే వాగు దాకా దిగాలి, అక్కడ ఎవరైనా కనపడతారేమోనని భయం. ఆ చేతిని కొంగుకు తుడుచుకునేది బాపమ్మ.

వారం తిరగకముందే సంటిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. మొదట పలచగా, తర్వాత నీళ్ళలాగా, తర్వాత జిగటగా నెత్తుటి చారలతో. ఒళ్ళు కాలిపోయేది. బాపమ్మ కరక్కాయ అరగదీసి నాకించింది, వాము నమిలి ఊదింది, బొడ్డు మీద ఏవో ఆకులు కట్టింది. ఆమెకు తెలిసిన ప్రతిదీ చేసింది. మల్లయ్య తాత గూడూరు వైపు ఒకరిని పంపి మందు తెప్పిస్తానన్నాడు, పోయినవాడు బాట మీద పోలీసులను చూసి వెనక్కి వచ్చాడు. దవాఖానకు తీసుకుపోదామని అవ్వ లేచి నిలబడితే, నలుగురు ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని కూర్చోబెట్టారు. “నువ్వు దొరికితే మేమందరం దొరుకుతం సెల్లె” అన్నారు. వాళ్ళదీ తప్పు కాదు. వాళ్ళ ఒళ్ళలోనూ పిల్లలున్నారు. అవ్వ పాలు మాన్పించి గటక తేట పట్టింది. అది నిలవలేదు. సంటిది పాల కోసమే నోరు తెరిచేది. తెరిస్తే మళ్ళీ ఆ పాలే పోశాము. నేను వడగట్టాను.

ఒక మధ్యాహ్నం, మంచి ఎండలో, దాని నోరు తెరుచుకునే ఉంది, పాలు లోపలికి పోలేదు. పెదవుల చివర నుంచి జారిపోయాయి. బాపమ్మ వేలితో ఆ పాలను లోపలికి నెట్టబోయింది, రెండుసార్లు నెట్టింది. తర్వాత చేయి తీసేసింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఒంగిపోయింది. ఏడ్వకూడదు. గుట్ట అవతల ఎడ్లబండ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ అడవిలో మా అందరికీ వచ్చిన ఏడుపును ఎవరిది వాళ్ళం మింగేశాము. మా అమ్మ తన బిడ్డ కోసం గట్టిగా ఏడ్చినట్టు నేను ఆ తర్వాత కూడా చూడలేదు. వేళ దాటిపోయింది మరి.

ఆ పై వారానికి బర్రె పొదుగు మెత్తబడింది. వాపు దిగి, నాలుగో సన్ను కూడా తెల్లటి పాలు ఇచ్చింది. ఆ పాలు కూడా బాపమ్మ నేల మీదకే పిండేసింది, దానినే కాదు, నాలుగింటినీ.

నెల దాటాక మేము తిరిగి ఊరు చేరేసరికి ఇల్లు సగం కాలి ఉంది. దాలి మాత్రం చెక్కుచెదరలేదు. బాపమ్మ మర్నాడే దాన్ని అలికి రాజేసింది. బతికినన్నాళ్ళూ రాజేస్తూనే ఉంది, కానీ పాలు గానీ పెరుగు గానీ నోట పెట్టలేదు. ఎందుకని ఎవరడిగినా అరగదనేది. బాపు వచ్చింది ఇంకా చాలా రోజులకు. గడ్డం పెరిగి, ఒక కాలు ఈడుస్తూ పెరటి వైపు నుంచి వచ్చి దాలి గట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. నా తల నిమిరాడు. ఇంటి లోపలికి తొంగిచూసి, “చెల్లెకు పేరేం పెట్టిండ్రు?” అని నన్నడిగాడు. బాపమ్మ చేతిలోని పిడకను విరవడం మొదలుపెట్టింది. విరిచి విరిచి పొడి చేసింది. 

ఇదంతా నేను వేణు ఫోను ముందు చెప్పాను. పొంగింది నా వల్లనేనని కూడా చెప్పాను. అవ్వ పోయేదాకా ఆమెకు కూడా చెప్పుకోని మాట అది. వేణు కళ్ళు తుడుచుకున్నాడు. మంచి పిల్లవాడే. ఆ విరేచనాలు పాల వల్లనేనా, వాగునీళ్ళ వల్లనా, చలి వల్లనా అంటే నేను డాక్టరును కాను, ఒట్టు పెట్టి చెప్పలేను అని కూడా అన్నాను. అంత ఖచ్చితంగా ఉంటేనే మాటకు విలువ అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆ వీడియో నా బిడ్డ ఫోనులో చూశాను. వెనక పిల్లనగ్రోవి మోగుతోంది. నేను కుర్చీలో కూర్చుని, “అడవిల నెల రోజులు మేం తాగింది పచ్చిపాలే” అంటున్నాను. ఆ వెంటనే, “సంటిది ఆబగా తాగి, మొదటిసారి నవ్వింది” అంటున్నాను. నేనూ కొంచెం నవ్వుతూనే ఉన్నాను అందులో. అక్కడితో ఆవులు మేస్తూ కనిపిస్తాయి. వేణుకు ఫోన్ చేశాను.

“తక్కినదంతా ఏదిరా?”

“అమ్మమ్మా, గది మస్తు బాధ అయ్యే ముచ్చట. జనం చూడలేరని మా దోస్తు తీసేసిండు. అయినా గది అడవి, గప్పుడు బర్రెకు రోగం. నా ఆవులకు నెలనెలా పరీక్షలు చేపిస్తున్న. నువ్వు పరేషాన్ కాకు.”

“నా మాటలేగదరా అవి.”

“నీ మాటలే అమ్మమ్మా. ఒక్కటన్న మార్చినమా?”

మార్చలేదు. అదే నా బాధ. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. బాపమ్మ మీద రానట్టే వాడి మీదా రాలేదు. వాడు తన ఆవులను నమ్ముకున్నాడు, ఆమె తన బర్రెను నమ్ముకుంది. అప్పుడు మాకు ఎంచుకోవడానికి ఏదీ లేక ఆ పాలు పోశాము. ఇప్పుడు పొయ్యి ఉంది, గ్యాసు ఉంది, పక్క వీధిలో దవాఖాన ఉంది, పొగ లేచినా ఎవరూ తుపాకీతో రారు. ఇన్ని ఉన్నప్పుడు, కాయడం వద్దని ఎంచుకుంటున్నారు. దీన్ని ఏ ముఖంతో బాపమ్మకు చెప్పాలో నాకు తెలియదు.

నిన్న పక్క వాటాలో అద్దెకుంటున్న సరిత వచ్చింది. చంకలో ఆరు నెలల పాప, చేతిలో వేణు సీసా. “మీ వీడియో చూసిన అమ్మమ్మా. మా ఆయన గూడ చూసిండు. నీ మాట మీదనే పాపకు గీ పాలు మొదలువెట్టినం” అంది. పాప సీసా మీది ఆవు బొమ్మను గోటితో గీకుతోంది. నేను సరితను కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వడగట్టిన కొంగు దాకా, పెదవుల చివర జారిన పాల దాకా చెప్పాను. ఆమె పాపను దగ్గరికి అదుముకుని విన్నది. చివరికి లేస్తూ, “పాపం, గప్పుడు ఎన్ని కష్టాలు పడ్డరో” అంది.

“కాచి తాపు బిడ్డా. పొంగు వచ్చేదాకా పక్కనే నిలబడి కాచి తాపు.”

“సరే అమ్మమ్మా” అంది. ఆ సరే నాకు అందలేదు. పెద్దవాళ్ళను నొప్పించొద్దని అనే సరే ఒకటుంటుంది, నేనూ చాలామందికి అన్నాను దాన్ని.

ఆమె వంటింటి కిటికీ మా వసారా పక్కనే. కుర్చీ అటు జరుపుకుని కూర్చున్నాను. గిన్నెల చప్పుడు వచ్చింది. పాప ఏడ్చి ఊరుకుంది. పొయ్యి వెలిగించిన చప్పుడు విన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. నా చెవులు సరిగ్గా పనిచేసి చాలా ఏళ్ళయింది. ముక్కు మాత్రం ఇంకా నన్ను మోసం చేయలేదు. పాలు కాగే వాసన కోసం కళ్ళు మూసుకుని, పొద్దు గుంకేదాకా అక్కడే కూర్చున్నాను. రాలేదు. గాలి అటు వైపు ఉందేమోలే అనుకుని లోపలికి వచ్చాను.